ఏప్రన్ల మీద ఇంగ్లీషు

ఆ రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ గుమాస్తా అద్దంలో తనను తాను మేనేజరుగా చూసుకున్నాడు. ముఖం ఒప్పుకోలేదు గాని ఆయన పట్టించుకోలేదు. సాయంత్రంలోగా కొత్త ఆసుపత్రికి దుప్పట్ల మూటలు చేరాలి. చేరితే లాండ్రీకి మేనేజరెవరో యజమాని ప్రకటిస్తాడు. ఆ కుర్చీకి తను తప్ప ఇంకెవరున్నారు? మిగతావాళ్ళు ఉతికేవాళ్ళు, ఇస్త్రీ చేసేవాళ్ళు, బండి తోలేవాళ్ళు. ఇంగ్లీషు వచ్చినవాడు తనొక్కడే. ఈ సంగతి చెప్పింది కూడా తనొక్కడే. కాదనడానికి అక్కడెవరికీ ఇంగ్లీషు రాదు.

లాండ్రీ పెట్టిన రోజుకు గుర్తుగా ఏటా పనివాళ్ళకు కొత్త ఏప్రన్లు ఇస్తారు. గుండెల మీద ఒక మెచ్చుకోలు మాట కుట్టి ఉంటుంది. కిందటేడు అందరికీ 'గుడ్' అనే కుట్టించారు. అందరూ గుడ్ అయితే ఇక అందులో గొప్పేముందని ఇస్త్రీ మేస్త్రి అడిగాడు. అందుకే ఈసారి యజమాని గట్టిగా చెప్పాడు. కష్టపడి పనిచేస్తారన్న సంగతే రాయాలి, కానీ ఏ ఇద్దరికీ ఒకే మాట పడకూడదు.

గుమాస్తాకు అది మంచినీళ్ళ ప్రాయం అనిపించింది. పల్లెటూరి బడిలో మాస్టారు బెత్తం పట్టుకుని ఆయన చేత పర్యాయపదాలు వల్లె వేయించారు. సూర్యుడంటే రవి, భానుడు, భాస్కరుడు, దినకరుడు. ఏది రాసినా మార్కు పడేది. ఆ నమ్మకంతోనే ఇంగ్లీషు పర్యాయపదాల పుస్తకం తెరిచాడు. 'హార్డ్ వర్క్' కింద మాటలు బారుగా నిలబడి ఉన్నాయి. రవి అయితేనేం, భానుడైతేనేం, ఎండ ఒకటే కదా అనుకుని పంపకం మొదలుపెట్టాడు. ఇస్త్రీ మేస్త్రికి 'డ్రడ్జ్'. ఉతికే మరల దగ్గర ఉండే, అందరూ మామయ్య అని పిలిచే పెద్దాయనకు 'వర్క్‌హార్స్'. వ్యాను డ్రైవరుకు 'ప్లాడర్'. చివరికి మిగిలిన 'డిలిజెంట్' కాపలావాడికి పడేశాడు. గేటు దగ్గర కుర్చీలో నిద్రపోయే మనిషికి ఏ మాటైనా ఎక్కువేనని ఆయన లెక్క.

కుట్టింది ఆయన అక్క. చిరిగిన దుప్పట్లకు మాట్లు వేయడం లాండ్రీలో ఆమె పని. గుమాస్తా భార్య పోయినప్పటి నుంచి ఆయనకు వండిపెట్టేదీ ఆమే. తమ్ముడు సుద్దతో గీసిన అక్షరాల మీద సూది నడిపిస్తూ, వీటికి అర్థమేమిటని అడిగింది. అన్నీ ఒకటేనక్కా, మెచ్చుకోళ్ళు అన్నాడు. మరి నాకేదిరా అంటే, ఇంటిమనిషికి మెచ్చుకోలేమిటని నవ్వాడు. ఆమె నవ్వలేదు. దారం కొరికింది.

ఆ పొద్దున్నే పనికి ముందు ఏప్రన్లు పంచారు. చప్పట్లు కొట్టారు. మామయ్య కొత్త ఏప్రన్‌తో ఫోటో కూడా దిగాడు. డ్రైవరు మొదటి విడత మూటలు తీసుకుని ఆసుపత్రికి పోయి, తిరిగి వచ్చి, నేరుగా గుమాస్తా బల్ల ముందు నిలబడ్డాడు.

"నర్సమ్మ నన్ను చూసి నవ్విందండి. ప్లాడర్ అంటే కాళ్ళీడ్చుకుంటూ పనిచేసేవాడట గదా."

"ఈడ్చుకుంటూ అయినా ఆగడు. అది చాలా గొప్ప గుణం" అన్నాడు గుమాస్తా.

"వ్యాను తోలేవాడికా అండీ?"

గుమాస్తా గబగబా చిట్టా తెరిచి లెక్కలు చూడసాగాడు. ఈలోపు అందరి ఫోన్లూ బయటికొచ్చాయి. బుర్రకు పనిలేని గొడ్డుచాకిరీ చేసేవాణ్ణి డ్రడ్జ్ అంటారని మేస్త్రికి తెలిసింది. ఆయన పెట్టిన మడత చూపించే యజమాని కొత్త బేరాలు తెస్తాడు. మేస్త్రి ఆ అర్థం రెండోసారి చదివి, ఇస్త్రీపెట్టెను చప్పుడు కాకుండా పక్కన పెట్టాడు. ఆయన అరిచి ఉంటే గుమాస్తా అంత భయపడేవాడు కాదు.

మామయ్య కళ్ళజోడు సర్దుకుని, "గుర్రమట నేను. ఈ వయసులో" అన్నాడు.

గుమాస్తా తప్పైపోయిందని ఒక్క మాట అని ఉంటే అక్కడితో పోయేది. అది ఆయన ఒంట్లో లేదు. లేచి నిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. గుర్రమనడంలో అభిమానం ఉందన్నాడు. గొడ్డుచాకిరీలో త్యాగం ఉందన్నాడు. ఇంగ్లీషువాళ్ళ మనసు లోతు మనకు అందదన్నాడు. అసలు ఆ వరుసలో మాటలన్నీ ఒకటేనని తేల్చాడు.

మేస్త్రి ఓపిగ్గా అంతా విని, "అయితే సరే. మీరు రాసినట్టే పనిచేస్తాం" అన్నాడు.

గుమాస్తా గెలిచాననుకున్నాడు.

రెండో విడత మూటలతో డ్రైవరు బయలుదేరాడు. చంటిబిడ్డను బండిలో తోసుకుంటూ పోతున్న తల్లి ఒకామె వ్యానును దాటి ముందుకెళ్ళింది. మామయ్య మరల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉతకడం మొదలుపెట్టమంటే మొదలుపెట్టాడు, నీళ్ళు వదలమంటే వదిలాడు, ఎవరూ అదిలించకపోతే కదలలేదు. గుమాస్తా లోపలికీ బయటికీ పరుగెత్తి అదిలిస్తూ, చెమట పట్టి తన కళ్ళజోడు తీసి ఒక దుప్పటి మీద పెట్టాడు. మేస్త్రి ఆ దుప్పటి తీసుకున్నాడు, మడిచాడు, ఇస్త్రీ చేశాడు. కళ్ళజోడు దుప్పటంత చదునుగా వచ్చింది.

"చూసుకోవద్దా?" అన్నాడు గుమాస్తా.

"బుర్ర వాడే పని నాది కాదు గదండీ."

ఇవన్నీ ఒక ఎత్తు, కాపలావాడు ఒక ఎత్తు. డిలిజెంట్ అంటే శ్రద్ధగా, ఓపిగ్గా, ప్రతి చిన్నదీ పట్టించుకుని పనిచేసేవాడని అతనికి ఎవరో చదివి చెప్పారు. పుట్టి బుద్ధెరిగిన తరవాత అతన్ని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. కళ్ళు తుడుచుకున్నాడు. నిద్ర మానేశాడు. గేటు దాటబోతున్న ప్రతి మూటా విప్పించి, ప్రతి దుప్పటీ దులిపి, రెండు వైపులా చూసి పక్కన వేశాడు. మళ్ళీ మడతపెట్టడం అతనికి రాదు. చూస్తుండగానే ఇస్త్రీ చేసిన దుప్పట్లు గేటు దగ్గర గుట్టపడ్డాయి.

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. యజమాని నుంచి వచ్చింది. దారిలో ఉన్నానన్నాడు. గుమాస్తా చొక్కా చేతులు పైకి మడిచి అన్ని పనులూ తనే నెత్తినేసుకున్నాడు. కళ్ళజోడు లేకుండా ఉతికాడు, తడి దుప్పటి కాలికి చుట్టుకుని పడ్డాడు, ఒక దుప్పటి మీద ఇస్త్రీపెట్టె ఆకారం గోధుమరంగులో అచ్చు వేశాడు. వరుసలో ఉన్న మాటలన్నిటి అర్థమూ ఆయన ఒంటికి విడివిడిగా తెలియసాగింది. నడుము ఒకటి చెప్పింది, మోకాళ్ళు ఇంకొకటి చెప్పాయి. చివరికి కుర్చీ ఆశ వదులుకుని ఒక మూట మీద కూలబడ్డాడు.

అక్క వచ్చి ఎదురుగా నిలబడింది.

"అన్నీ ఒకటేనన్నావు. వాళ్ళ పని ఎప్పుడైనా దగ్గర నుంచి చూశావురా?"

"చూడకపోవడమేమిటి? రోజూ చూస్తూనే ఉన్నాను."

"మా మరదలు అన్నేళ్ళు నీ ఇంట్లో చాకిరీ చేసింది. దాన్ని ఏమని మెచ్చుకున్నావు?"

గుమాస్తా నిజాయితీగా వెతికాడు. ఒకసారి కూరలో ఉప్పు సరిపోయిందన్నట్టు గుర్తొచ్చింది. అదైనా ఆమెతో అన్నాడో, పక్కింటాయనతో అన్నాడో తేలలేదు.

ఆమె కత్తెర తీసుకుని పోయింది. ముందు మేస్త్రి ఏప్రన్ మీది దారాలు ఒక్కొక్కటే తెంపింది. నువ్వు మడిచిన దుప్పటి విప్పాలంటే నాకు చెయ్యి రాదు నాయనా అంది. మామయ్యతో, మీరు ఉతికిన గుడ్డ మాట్లు వేయడానికి నా దగ్గరకు రాదు, మీవల్ల నాకు పని తగ్గిందంది. వ్యాను అప్పుడే పాకుతూ తిరిగొచ్చింది. నువ్వు తోలితే గతుకుల్లో కూడా మూట ముడి వీడదని డ్రైవరుతో అంది. ఇవేవీ పుస్తకంలో లేవు. ఎవరి మాట వాళ్ళకే సరిపోయింది, ఇంకొకరికి తగిలించడానికి వీల్లేదు.

మేస్త్రి ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. మామయ్య మరలన్నీ ఒక్కసారిగా నడిపించాడు. కాపలావాడు మాత్రం ఏప్రన్ గుండెలకు అదుముకుని, తన మాట తీయడానికి వీల్లేదన్నాడు. ఆమె అతన్ని మూటలు మోయడానికి పెట్టింది. మోత కూడా శ్రద్ధగానే చేశాడు.

వ్యాను గేటు దాటుతుండగా యజమాని కారు దిగాడు. ఆసుపత్రికి దుప్పట్లు వేళకు చేరినట్టు కబురు వచ్చేదాకా నిలబడి, ఈలోగా ఏప్రన్ల గొడవంతా విని, ఆగిన పని కదిలించింది ఎవరని అడిగాడు. గుమాస్తా గొంతు సవరించుకుని నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోటి ముందు నుంచే చేతులన్నీ అక్క వైపు చూపించాయి.

యజమాని అక్కడికక్కడే ఆమెను మేనేజరు కుర్చీలో కూర్చోమన్నాడు. ఆమె ముందు కుర్చీ దుమ్ము తుడిచి, తరవాత కూర్చుంది.

గుమాస్తా యజమానిని పక్కకు పిలిచి, "మా అక్కకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదండీ" అని గుర్తుచేశాడు.

"అందుకే" అన్నాడు యజమాని.