నాన్‌లోకల్ మబ్బు

"నేటి నుంచి ఆకాశం ప్రజల సొత్తు!" అని ఢిల్లీ ఘనంగా ప్రకటించింది. ఉపగ్రహాలు ఇన్నేళ్లుగా పైనుంచి చూసి పెట్టుకున్న మబ్బులు, గాలులు, ఆవిరి, దుమ్ము అన్నీ ఒక వెబ్‌సైట్‌లో పోశారట. పైసా కట్టక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఊరు, తేదీ కొట్టి మీట నొక్కితే ఆ రోజు ఆ ఊరి నెత్తిమీదున్న మబ్బు ప్రత్యక్షమవుతుంది. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న ఆ జూన్ నెలలో, ఈ శుభవార్తను జానయ్య మోకాలిలోతు నీళ్లలో నిలబడి చదివాడు.

జానయ్య నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఒక సెల్లార్‌లో టైలర్ షాపు పెట్టుకున్నవాడు. ముందురోజు వానకు కాలనీ వెనక మురుగునీటి నాలా ఎదురుతన్ని, నీళ్లన్నీ తిన్నగా అతని షాపులోకి దిగాయి. పై అరల్లో ఉండబట్టి స్కూలు యూనిఫారాలు బతికాయి. వచ్చే సోమవారం బడులు తెరుస్తారు. ఆలోపు ఇంకొక్క గట్టివాన పడిందంటే ఆర్డరు పోతుంది, ఆర్డరుతో పాటు షాపూ పోతుంది. కాలనీ సంఘం ఆఫీసుకు పరుగెత్తి, నాలాలో పూడిక తీయించమని మొరపెట్టుకున్నాడు.

సంఘం అధ్యక్షుడు వెంకటేశ్వరరావు గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. "తీయిద్దామయ్యా, దానికేం భాగ్యం" అన్నాడు. పక్కనే ఉన్న రామచంద్రం చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయనది ఎల్బీనగర్‌లోనే పాత భూస్వాముల కుటుంబం. కాలనీలో ఉద్యమానికి ఆయనే నాయకుడు.

"జర ఆగుండ్రి. ముందుగాల గా మబ్బు ఎక్కడిదో తేలాలె."

ముగ్గురూ చైతన్యపురిలో రోహిణి నడిపే నెట్ సెంటర్‌కు వెళ్లారు. రోహిణి ఊరు కొట్టింది, తేదీ కొట్టింది, మీట నొక్కింది. మబ్బు ప్రయాణం గంటగంటకూ బొమ్మలుగా వచ్చింది. బంగాళాఖాతంలో పుట్టి, బెజవాడ మీదుగా సూర్యాపేట దాటి, హయత్‌నగర్ మీదుగా వచ్చి ఎల్బీనగర్‌లో దిగింది. అచ్చం బస్సు వచ్చినట్టే వచ్చింది.

"చూసినవా? నాన్‌లోకల్ మబ్బు" అన్నాడు రామచంద్రం.

"అదెలాగండీ? సముద్రం మీద ఇది పిసరంత. నల్లగొండ దాకా వచ్చాకే కదా ఇంత లావైంది? తిని పెరిగింది ఇక్కడేనండీ. పక్కా లోకల్" అన్నాడు వెంకటేశ్వరరావు.

"సర్కారు రూలు ప్రకారం లోకల్ అనాల్నంటే వరుసగ నాలుగేండ్లు ఈడ చదవాలె. గిది నాలుగు గంటలు గూడ లేదు."

"మరి నాలా సంగతేంది అంకుల్?" అని రోహిణి అడిగింది. మబ్బు స్థానికత తేలకముందే నాలా తీస్తే, అవతలివాళ్ల వాదన ఒప్పుకున్నట్టవుతుందని ఇద్దరు పెద్దలూ ఏకగ్రీవంగా తేల్చారు.

మర్నాటికి మెయిన్ రోడ్డు మీద ఎదురెదురుగా రెండు దీక్షా శిబిరాలు వెలిశాయి. జానయ్య రామచంద్రం శిబిరంలో కూర్చున్నాడు. తన షాపులోకి వచ్చినవి మామూలు మురికినీళ్లు కావనీ, వలస నీళ్లనీ తెలిశాక అతనికి కొంత గౌరవంగా కూడా అనిపించింది. "మా సెల్లార్లకు పరాయి మబ్బులు వద్దు" అనే గులాబీ బ్యానరు అతనే కుట్టాడు. "మబ్బులకు ఎల్లలు లేవు" అనే అవతలి బ్యానరూ అతనే కుట్టాడు. పని పనే కదా.

రోహిణి నెట్ సెంటర్ ముందు జనం క్యూలు కట్టారు. మబ్బుల కలర్ ప్రింట్లు ఫ్రేములు కట్టించి హాల్లో తగిలించుకోవడం కాలనీలో హోదా అయిపోయింది. "మా పెండ్లినాటి మబ్బు వదినా, వరంగల్‌ది" అని ఒకావిడ చెబితే, పక్కావిడ తమది అరేబియా సముద్రానిదని మూతి తిప్పుకునేది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూడా బ్యానర్ల ఆర్డర్లు వచ్చాయి. అవి తడిస్తే ఉద్యమం తడిసినట్టేనని జానయ్య వాటిని పై అరల్లోకి ఎక్కించాడు. ఇస్త్రీ చేసిన యూనిఫారాల మూటలు కింద, నీళ్లు తోడేసిన నేలమీదికి దిగాయి.

ఆదివారం కాలనీ వెనక కొత్త ఫంక్షన్ హాలు ప్రారంభం. వేదికకు తెరలు కుట్టమని రామచంద్రమే పురమాయించాడు. జానయ్య తెరలు మోసుకెళ్లేసరికి గుమ్మం దగ్గర శిలాఫలకం కనిపించింది. యజమానులుగా రామచంద్రం, వెంకటేశ్వరరావు పేర్లు పక్కపక్కనే చెక్కి ఉన్నాయి. లోపల ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని ఒకే పళ్లెంలోంచి జీడిపప్పు తింటున్నారు. వేదిక కిందనుంచి గుడగుడమని నీళ్ల చప్పుడు వస్తోంది. నాలాలో స్తంభాలు దించి, దానిమీదే హాలు లేపారు.

జానయ్యకు ఒళ్లు మండింది. "అన్నా, గిదేంది? ఇద్దరు కలిసి నాలా మీదనే కట్టిండ్రా?"

"ఉద్యమం ఉద్యమమే, యాపారం యాపారమే" అన్నాడు రామచంద్రం.

"అయినా నాలా ఎక్కడుందయ్యా? వెబ్‌సైట్‌లో చూడు, మబ్బులు తప్ప నాలా ఏమైనా కనిపిస్తుందేమో" అన్నాడు వెంకటేశ్వరరావు.

అంతలోనే ఉరిమింది. కుండపోతగా వాన పట్టుకుంది. జానయ్య పరుగున షాపుకు వెళ్లాడు. పై అరల్లో రెండు పక్షాల బ్యానర్లూ పొడిపొడిగా ఉన్నాయి. యూనిఫారాలు మురికినీళ్లలో తేలుతున్నాయి. అతనికి ఏడుపొచ్చింది. చేతికందినన్ని మూటకట్టి, భుజాన వేసుకుని, నీళ్లు కారుతుండగా మళ్లీ హాల్లోకి వచ్చాడు.

"ఇప్పుడు చెప్పుండ్రి. గీ మబ్బు ఎవరిది?"

ఎదురుగా అతిథులున్నారు, ఫొటోగ్రాఫరున్నాడు. పెద్దలిద్దరూ ఒక్క గొంతుతో జవాబిచ్చారు.

"కేంద్రానిది."

"ఉపగ్రహం వాళ్లదే, వెబ్‌సైట్ వాళ్లదే, మబ్బు కూడా వాళ్లదే కదండీ" అని వెంకటేశ్వరరావు వివరించాడు. రామచంద్రం గట్టిగా తలూపాడు. అతిథులు చప్పట్లు కొట్టారు.

జానయ్య వేదికెక్కి మూట విప్పాడు. ఒక లాగు తీసి, కొత్త ఎర్ర తివాచీ మీద మెలిపెట్టి పిండాడు. తర్వాత ఒక గౌను తీశాడు.

"ఏయ్, ఏం చేస్తున్నవ్? తివాచీ ఖరాబైతది!" అని అరిచాడు రామచంద్రం.

"పరేషాన్ గాకుండ్రి సార్" అన్నాడు జానయ్య, ఇంకో చొక్కా అందుకుంటూ. "నీళ్లు కేంద్రానివి గదా. కేంద్రమే ఒచ్చి తుడుస్తది."