నిర్మాతగారి ఎడమ పక్క కుర్చీ

కథ చెబుతుంటే ఫోను చూసుకునే నిర్మాత దొరకడం రచయిత చేసుకున్న పుణ్యం! నవ్వకండి, నేను సైన్సు చెబుతున్నాను.

ఫిల్మ్‌నగర్‌లో కథ చెప్పడమంటే చదివి వినిపించడం కాదు. హీరోలా నడవాలి, విలన్‌లా కళ్లెర్రజేయాలి, హీరోయిన్‌లా సిగ్గుపడాలి. నాలాంటి బట్టతలవాడు సిగ్గుపడుతుంటే కళ్లార్పకుండా చూడమని సాటి మనిషిని ఎలా అడుగుతాం?

పూర్వం నిర్మాతలు చూసేవారు. చూసి ఊరుకునేవారా? "ఇక్కడో పాట పెట్టండి", "ఆ తాతని చంపేయండి" అనేవారు. కథ పూర్తయ్యేసరికి నా పాత్రల్లో సగంమంది ప్రాణాలతో ఉండేవారు కాదు.

ఇప్పుడా బెడద లేదు, నిర్మాతల చూపంతా ఫోన్లోనే. మా మేనకోడలు ప్రణతి మెదడు డాక్టరు కావడానికి చదువుతోంది. మనకి ఎడమ పక్క కనబడేది కుడి మెదడుకి, కుడి పక్కది ఎడమ మెదడుకి చేరుతుందట. మాట్లాడే పని మాత్రం చాలామందిలో ఎడమ మెదడుదేనట!

ఇంకేం కావాలి? జూబ్లీహిల్స్‌లో చలపతిరావుగారనే నిర్మాత ఆఫీసుకి వెళ్లి, ఆయన ఎడమ పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఫోను ఆయన కుడిచేతిలో ఉంది. నోరున్న మెదడు రీల్స్‌లో మునిగిపోయింది. నోరులేని మెదడు నాకు దక్కింది.

నేను చెప్పింది మా అక్క సత్యలక్ష్మి కథ. ప్రణతి వాళ్లమ్మే. శ్రీనగర్ కాలనీలో ఉంటుంది, డబ్బింగ్ ఆర్టిస్టు. ఎందరో హీరోయిన్లకి గొంతిచ్చింది. ఏడ్చింది అక్క, అవార్డులు పుచ్చుకున్నది వాళ్లు. గొంతుకి ఆపరేషనయ్యాక మాట బొంగురుపోయింది, పిలిచేవాళ్లు లేరు. "నా కథ ఒక్కరైనా మనసుపెట్టి వింటే చాలురా" అంది.

ఆ ఆపరేషన్ సీను చెబుతూ నేనే వెక్కి వెక్కి ఏడ్చాను. చలపతిరావుగారు ఫోను చూసి పకపకా నవ్వి, "కానివ్వండి, వింటున్నా" అన్నారు. చివరిదాకా ఒక్క మార్పు చెప్పలేదు!

ఇంటికొచ్చి, మమ్మల్ని చూడ్డానికి వచ్చిన ప్రణతితో గొప్పగా చెప్పుకుంటే తల పట్టుకుంది. "మావయ్యా, రెండు మెదళ్ల మధ్యా వంతెన లాంటిది ఉంటుంది. ఇటు చూసింది అటూ, అటు చూసింది ఇటూ క్షణంలో పంచేసుకుంటాయి."

"మరీ మంచిది! రెండో సగానికి మళ్లీ కథ చెప్పక్కర్లేదు" అన్నాను.

మర్నాడు ఆఫీసు మేనేజర్ జగదీశ్ ఫోన్ చేశాడు. "అన్నా, సార్‌కు కథ మస్తు నచ్చింది. గా కుక్క పాత్ర జర పెంచమన్నడు. హాస్పిటల్ల అది డాన్స్ చేసే సీన్ ఉంది గదా, కిరాక్ అన్నడు!"

నా కథలో కుక్క లేదు. ఆయన ఫోన్లో ఉంది. వంతెన బ్రహ్మాండంగా పనిచేసిందన్నమాట!

అయ్యా, నాకు ఒళ్లు మండిపోతోంది. ఒక మనిషి మీ పక్కన కూర్చుని ఇంకో మనిషి బతుకు చెబుతుంటే, ఆ కాసేపు ఫోను బోర్లా పెడితే మీ సొమ్మేం పోతుంది?

కథ ఓకే అయిందని విని అక్క మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "నిజంగా విన్నాడురా? ఎక్కడ కదిలిపోయాడు?" అంది, ఆ బొంగురు గొంతుతోనే.

"ఆపరేషన్ సీన్లో, అక్కా. కళ్లు తుడుచుకున్నాడు."

"ఇంకా? ఇంకా ఏమన్నాడు?" అని అడుగుతూనే ఉంది. ఆవిడ మొహం చూడలేక, నేను జేబులోంచి ఫోను తీసి చూసుకుంటూ కూర్చున్నాను.