నీళ్లు కారినంతసేపే గారు

మనిషికి పేరు కన్నవాళ్లు పెట్టుకోవచ్చు గానీ, పేరు వెనక 'గారు' మాత్రం ముద్ర వేసిన కాగితం మీదే రావాలని పెద్దలు నిర్ణయించారు. మానవజాతి సాధించిన విజయాల్లో నిప్పు తర్వాతి స్థానం దీనిదే. అంతకుముందు ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు గారు తగిలించేవారు. ఒక వీధిలో గారు పారబోసుకునేంత ఉంటే, పక్క వీధిలో అరువుకు కూడా దొరికేది కాదు. (మా ఎరికలో ఒకాయన తన మేకను కూడా గారు అనే పిలిచేవాడు. మేక పద్ధతిగానే ఉండేది, అది వేరే సంగతి.)

ఈ అరాచకాన్ని అరికట్టడానికి వెలిసిందే గౌరవ నిర్ధారణ కార్యాలయం. దానితో మా బావకు పని పడింది మోకాళ్ల వల్ల.

బావ, అంటే మా అక్క భర్త, నలభై ఏళ్లుగా పైపులు, కుళాయిలు బాగుచేస్తున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని చేసే పని కనుక అవి అరిగిపోయాయి. వైద్యశాలలో మోకాళ్లకు నెలనెలా మందు ఉచితంగా ఇస్తారు. కాకపోతే మూడు గంటలు నిలబడాలి. అక్కడ పన్నెండు కుర్చీలున్నాయి గానీ అవి గారు గలవారికి.

"గారు ఉందా?" అని అడిగాడు కుర్చీల గుమాస్తా.

"మోకాళ్లే లేవయ్యా" అన్నాడు బావ.

"అది డాక్టరు చూసుకుంటాడు. నేను గారు ఒక్కటే చూస్తాను."

అందుకని నేనూ బావా గౌరవ నిర్ధారణ కార్యాలయానికి వెళ్లి నాలుగు రోజులు నిలబడ్డాం. అక్కడ కుర్చీలు వేయలేదు. గారు ఉన్నవాడికి ఆ కార్యాలయంతో పని లేదు, లేనివాడికి కుర్చీతో పని లేదు. ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు.

నిబంధన చాలా తేలిక. దరఖాస్తుదారుణ్ణి చుట్టాలు కాని ముగ్గురు గారు అని పిలుస్తూ ఉండాలి. పిలిచే సమయానికి వాళ్లకు అతనితో ఏ అవసరమూ ఉండకూడదు. ఇది తేల్చడానికి గౌరవ పరిశీలకుడు ఒకాయన మా వీధికి వచ్చి, వారం రోజులు ఒక అరుగు మీద కూర్చుని చెవి ఒగ్గాడు. ఆయన నివేదిక ఇలా ఉంది: 'కుళాయి పాడైనప్పుడు, మేస్త్రీ గారూ. పని మొదలయ్యాక, మేస్త్రీ. సగం అయ్యాక, ఏమోయ్. పూర్తయ్యాక, దారికి అడ్డం లే.'

గౌరవ నిర్ధారణాధికారి అది చదివి తల పంకించాడు. "నీది అవసరపు గారు. అది లెక్కలోకి రాదు."

"మరి లెక్కలోకి వచ్చే గారు ఎట్లా ఉంటుందండీ?" అన్నాడు బావ.

"నన్ను అంటారే, అట్లా ఉంటుంది." (ఆ గదిలో ఆయనతో అవసరం లేనివాడు ఒక్కడూ లేడు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.)

సరిగ్గా అప్పుడే గోడలోని పైపు పగిలింది. నీళ్లు ఫిరంగి గుండులా దూకాయి. అధికారి బల్లెక్కాడు. ఇరవై ఏళ్లుగా కదలని దరఖాస్తులు మొట్టమొదటిసారి కదిలి, గుమ్మం దాటి బయటికి వెళ్లిపోయాయి.

"మేస్త్రీ గారూ" అన్నాడు అధికారి బల్ల మీంచి.

"మేస్త్రీ గారూ" అన్నాడు బీరువా పట్టుకుని వేలాడుతున్న అక్కడి గుమాస్తా.

"మేస్త్రీ గారూ, మీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాడు బంట్రోతు. నీళ్లలో కాళ్లు ఎక్కడున్నాయో కనబడక ఆగాడు.

"బావా, ముగ్గురయ్యారు. చుట్టాలు కూడా కారు. ముందు సంతకాలు, తర్వాతే పైపు" అన్నాను నేను.

పావుగంటలో కాగితం తయారైంది. గారు మంజూరు చేయడంలో అంత వేగం ఆ శాఖ చరిత్రలో లేదు. కాగితం చొక్కా జేబులో పెట్టుకుని బావ మోకాళ్ల మీద కూర్చున్నాడు. పళ్లు బిగించి, పైపు బిగించి, లేవడానికి నా భుజం పట్టుకున్నాడు.

అధికారి బల్ల దిగి, బూట్లలో నీళ్లు వంపుకుని, ఆ కాగితం ఒకసారి ఇమ్మన్నాడు. కింద ఒక వాక్యం చేర్చి ముద్ర కొట్టాడు: 'సదరు పైపు నుండి నీరు కారుతున్నంతసేపు మాత్రమే చెల్లును.'

"నీ మీద గౌరవం లేక కాదోయ్. నిబంధన" అన్నాడు.

ఇంటికొచ్చాక అక్క అంతా విని బావకేసి చూసింది. "కాస్త వదులుగా బిగించి రావలసింది కదండీ. చుక్క చుక్క కారినా నెలకో పూట కూర్చునేవారు."

"వదులుగా బిగించడం నాకు చేతకాదే" అన్నాడు బావ, మోకాళ్లకు వేడినీళ్ల గుడ్డ చుట్టుకుంటూ.

మరుసటి నెల వైద్యశాలలో కుర్చీల గుమాస్తా ఆ కాగితం చదివి, లేచి నిలబడి, ఒక కుర్చీ తెచ్చి తుడిచాడు. బావ దాని వీపు మీద చెయ్యి కూడా వేశాడు. అప్పుడు గుమాస్తా గౌరవ నిర్ధారణ కార్యాలయానికి ఫోను చేసి, పైపు కారుతోందా అని అడిగాడు. అవతలివాళ్లు వెళ్లి చూసి వచ్చేదాకా ఓపిగ్గా ఆగాడు.

"చుక్క కూడా లేదటయ్యా. ఎవడో పనిమంతుడే బిగించాడు" అని మెచ్చుకుని, కుర్చీ మడిచి లోపల పెట్టాడు.