విశ్రాంతి శాఖ సర్క్యులర్

ఒక పెద్ద అడవిలో నల్లమద్ది కొమ్మకు తేనెపట్టు ఒకటి వేలాడుతుండేది. కందిరీగ దగ్గరికొస్తే చాలు, పట్టు మీది తేనెటీగలన్నీ వరసగా పొట్టలు పైకెత్తేవి. ఈ చివర లేచిన అల ఆ చివరిదాకా పోయేది. కందిరీగ హడలి పారిపోయేది.

ఆ అడవికి విశ్రాంతి శాఖ ఉంది. ఎవరు ఎప్పుడు ఊరుకోవాలో, ఎంత కదలాలో లెక్క రాసేది అదే. అధికారి నక్క. అల ఎంత లేవాలో నక్క ముందే లెక్క కట్టింది. అల అంతకన్నా పెద్దదే లేచింది.

"అల తప్పు," అంది నక్క.

గుమాస్తా గుడ్లగూబ గొంతు సవరించుకుంది. "తీరిక వేళ ఈగలు కదలవనుకుని లెక్క వేశాం సార్. అవి అప్పుడూ కాళ్ళతో ఒకదాన్నొకటి తడుముకుంటూనే ఉంటాయి. పరమాణు కేంద్రకంలో కణాలూ అంతేనట. ఊరుకున్నప్పుడూ ఒకదాని కదలికను ఇంకోటి కనిపెట్టి ఉంటాయట. ఆ సంగతి వదిలేస్తే, అన్నీ కలిసి ఊగే ఊపు లెక్కకు అందదని పుస్తకంలో చదివాను."

"లెక్క మార్చడం కష్టం. ఈగల్ని మారుద్దాం," అంది నక్క.

సర్క్యులర్ వచ్చింది. విశ్రాంతిలో ఈగకూ ఈగకూ నడుమ ఆవగింజంత ఎడం ఉండాలి.

ముసలి ఈగ మైనమ్మ కంగారుపడింది. "అయ్యగారూ, నాకు మతిమరుపు. నిన్న ఏ పువ్వు మీద వాలానో గుర్తులేదు. పక్కదాని కాలు తగులుతుంటేనే ఎప్పుడు లేవాలో తెలుస్తుంది. పట్టు గదుల్లో పసిపిల్లలున్నారు!"

"రాసిపెట్టుకో," అంది నక్క.

మర్నాడు పొద్దున్నే నక్క చెట్టు కింద తనిఖీకి నిలబడింది. కందిరీగ వచ్చింది. ఇక్కడొక ఈగ లేచింది, అక్కడొకటి లేచింది. అల లేదు.

"అచ్చం నా లెక్కే!" నక్క గంతులేసింది.

"ఏమర్రా, ఇవాళ సెలవా?" అంటూ కందిరీగ పిల్లల గదుల వైపు జరిగింది.

మైనమ్మ పక్కనున్న పడుచు ఈగ వైపు తిరిగింది. "పుప్పొడీ, ఇప్పుడేం చేయాలే?"

"సర్క్యులర్ చూడు అత్తా!"

"అదెక్కడ పెట్టానో మరిచిపోయానే!" అంటూ మైనమ్మ భయంతో పుప్పొడి కాలు పట్టేసుకుంది. పుప్పొడి ఉలిక్కిపడి పక్కదాన్ని పట్టుకుంది. అది ఇంకోదాన్ని. పట్టంతా ఒక్కసారి ఝుమ్మని అల లేచింది.

కందిరీగ బెదిరి వెనక్కి తూలి, పైకి చూస్తున్న నక్క ముక్కు మీద పడింది. పడ్డది ఊరుకుంటుందా?

ముక్కు వెలక్కాయంత అయింది. ఆ ముక్కుతోనే నక్క కొత్త సర్క్యులర్ చెప్పి రాయించింది. ఇకమీదట రోజూ రెండుపూటలా కాళ్ళు తడుముకోవాలి. సంతకం తప్పనిసరి.

"ఎక్కడ పెట్టాలో గుర్తుచేయవే," అని మైనమ్మ పుప్పొడిని కాలితో పొడిచింది.

నీతి: ఊరికే కూర్చున్నవాళ్ళు ఏమీ చేయడం లేదని రాసేముందు, అధికారి తన ముక్కు దాచుకోవాలి.