బురదలో బావగార్లు

ఆ ఆదివారం ఉదయం జలాశయం సూపర్‌వైజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, జలాశయం మీద ఒక్క చుట్టు తిరిగి, తూము దగ్గర నాచు ఎంత పేరుకుందో చూసి, భోజనాల వేళకి ఇంటికి వచ్చెయ్యాలి. భోజనాలయ్యాక అసలు విషయం మాట్లాడాలి. అసలు విషయమేమిటంటే, ఈ మధ్యే పెళ్ళయిన కూతురూ అల్లుడూ ఎక్కడ కాపురం పెట్టాలన్నది. అల్లుడిది ఎక్కడ కూర్చునైనా చేసుకోగలిగిన ఉద్యోగం. ఈ ఊళ్ళోనైనా ఉండొచ్చు, వాళ్ళ ఊళ్ళోనైనా ఉండొచ్చు. అది తేల్చడానికే వియ్యంకుడూ వియ్యపురాలూ ముందురోజు సాయంత్రం వచ్చి దిగారు.

వియ్యంకుడు పళ్ళ డాక్టరు. మహా మర్యాదస్తుడు. సూపర్‌వైజరూ అంతే. చిక్కంతా అక్కడే ఉంది. పెళ్ళిలో ఎవరో ఎవరినో సరిగ్గా పలకరించలేదని ఒక చిన్న మాట పుట్టింది. ఎవరన్నారో, ఎవరిని గురించి అన్నారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. కానీ ఆనాటి నుంచీ రెండు కుటుంబాలూ గాజు సామాను మధ్య నడుస్తున్నట్టు ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నాయి. ముందురోజు భోజనాల దగ్గరా అదే వరస.

"పిల్లలు మీ దగ్గరుంటేనే బాగుంటుంది బావగారూ" అన్నాడు డాక్టరు.

"భలేవారే, మీ దగ్గరుండటమే న్యాయం" అన్నాడు సూపర్‌వైజరు.

"అబ్బే, మీ అమ్మాయి మీకు అలవాటైన పిల్ల."

"మీ అబ్బాయి మాత్రం మీకు అలవాటు లేడా ఏమిటి?"

ఇలా కాపురాన్ని అటూ ఇటూ నెట్టుకోవడం చూసి చూసి కూతురు మధ్యలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయింది. తమను ఉంచుకోవడం ఎవరికీ ఇష్టం లేదనుకుంది. నిజానికి సూపర్‌వైజరుకి కూతుర్ని వీధి చివర ఇంట్లో పెట్టుకుని, రోజూ సాయంత్రం వెళ్ళి చూసి రావాలని ఉంది. ఆ ఇల్లు ఖాళీ అయిందని కనుక్కున్నాడు కూడా. కానీ ఆ మాట పైకి అంటే అవతలివాళ్ళ కొడుకుని లాగేసుకున్నట్టు ఉంటుందని మింగేశాడు.

ఉదయం వంటింట్లో భార్య గొంతు తగ్గించి హెచ్చరించింది. "ఆయన ఏమన్నా సరేననండి. మీ సలహాలూ సవరణలూ మీ దగ్గరే పెట్టుకోండి. మళ్ళీ ఇంకో మాట రాకూడదు."

"నేనెప్పుడు ఏమన్నాను?" అని ఆయన చెప్పులు వేసుకున్నాడు. బయలుదేరబోతూ, మర్యాద కోసం, "మీరూ వస్తారా బావగారూ, అలా జలాశయం చూసొద్దాం" అని ఒక మాట అడిగాడు. రాననే అంటాడనుకున్నాడు. ముందుగదిలో హాయిగా పేపరు చదువుకుంటున్న డాక్టరు, రానంటే బాగుండదని పేపరు మడిచేసి, "దానికేం భాగ్యం, పదండి" అన్నాడు. ఆయనకి చిన్నప్పటి నుంచీ నీళ్ళంటే భయమన్న సంగతి సూపర్‌వైజరుకి అప్పటికి తెలియదు.

గట్టు మీద రేకుల షెడ్డులో బండి ఉంది. ఆకుపచ్చ రంగు తొట్టెలాంటి ఒళ్ళు, దానికి ఇటు మూడు అటు మూడు లావాటి చక్రాలు. నేల మీద నడుస్తుంది. నీళ్ళలోకి దిగితే పడవలా తేలుతూ ఆ చక్రాలతోనే ఈదుతుంది. షెడ్డులో వాళ్ళు దానికి కప్ప అని పేరు పెట్టుకున్నారు. కప్పకి స్టీరింగు లేదు, రెండు మీటలున్నాయి. ఎడమ మీట లాగితే ఎడమకి తిరుగుతుంది, కుడి మీట లాగితే కుడికి. బయటివాళ్ళని అందులో ఎక్కించకూడదని గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. అది రాసింది సూపర్‌వైజరే. ఆ కాగితానికి తన వీపు అడ్డం పెట్టి వియ్యంకుణ్ణి ఎక్కించాడు.

షెడ్డులో రబ్బరు బూట్లు ఒక్క జతే ఉన్నాయి.

"మీరు వేసుకోండి బావగారూ."

"ఛ, మీ బూట్లు నేనా? మీరే వేసుకోండి."

కాసేపు ఆ బూట్లు చేతులు మారాయి. చివరికి ఎవరూ వేసుకోకుండా మెట్టు మీద వదిలేసి బయలుదేరారు.

నీళ్ళ మీద కొంతదూరం బాగానే సాగింది. జలాశయం మధ్యలో రెల్లు దుబ్బు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు లోతు నీళ్ళు. కుడివైపు ఒకప్పుడు నీళ్ళే గానీ, ఈ ఏడు నీరు తగ్గి బురద తేలింది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి డాక్టరు కుడివైపు చెయ్యి చాచి, "ఆ తెల్ల పక్షి ఎంత బాగుందో చూడండి" అన్నాడు. ఆయనకి అటు వెళ్ళాలని ఉందన్నమాట అనుకున్నాడు సూపర్‌వైజరు. అటు బురద ఉందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. భార్య మాట గుర్తొచ్చి కుడి మీట లాగాడు. ముందు నీళ్ళ రంగు మారడం డాక్టరుకి కనిపిస్తూనే ఉంది. కానీ జలాశయం ఎవరిది, తనదా? ఆయనకి తెలియదా ఏమిటని ఊరుకున్నాడు.

కప్ప కొంత ఈది, కొంత పాకి, చివరికి పొట్ట మీద చతికిలబడింది. సూపర్‌వైజరు ఇంజను గట్టిగా తిప్పాడు. ఆరు చక్రాలూ ఉన్నచోటే గిరగిరా తిరిగి, చేటలతో చెరిగినట్టు బురద ఎగజల్లాయి. అందులో ఎక్కువ భాగం డాక్టరు ఇస్త్రీ చొక్కా మీద పడింది.

"క్షమించండి బావగారూ."

"ఫరవాలేదండీ. చల్లగా ఉంది."

బండి ముందువైపు ఒక మోటారు, దానికి చుట్టిన ఇనుపతాడు ఉన్నాయి. తాడు లాగి ఎదురుగా ఏ చెట్టుకో కట్టి మోటారు వేస్తే, తాడు చుట్టుకుంటూ బండిని ముందుకి లాగుతుంది. చెట్లు లేవు. కాస్త ముందు ఒక ఇనుప గుంజా, దాని మీద రేకు పలకా కనిపించాయి. పలక వెనకవైపు ఇటు ఉంది. నేను దిగుతానంటే నేను దిగుతానని ఇద్దరూ దిగారు. మోకాళ్ళ పైదాకా కూరుకుపోయారు. ఇద్దరి చెప్పులూ బురదలోనే ఉండిపోయాయి. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకుంటూ వెళ్ళి తాడు కొక్కెం గుంజకి తగిలించి వచ్చారు.

మోటారు వేశాడు. తాడు బిగిసింది. బండి అంగుళం కదల్లేదు. గుంజ మాత్రం వంగి, ఊడి, పలకతో సహా బురద మీద జారుకుంటూ పెంపుడు జంతువులా వీళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. వెల్లకిలా పడ్డ ఆ పలక మీద పెద్ద అక్షరాలతో, "ఇటు లోతైన బురద ఉంది. బండ్లు తేరాదు. సూపర్‌వైజరు" అని రాసి ఉంది. గట్టు వైపు నుంచి వచ్చేవాళ్ళ కోసం ఆయనే పెట్టించాడు. నీళ్ళ వైపు నుంచి తనే వస్తానని అప్పట్లో తోచలేదు.

డాక్టరు ఆ మాటలు నిదానంగా చదివాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. "అక్షరాలు చాలా పొందిగ్గా ఉన్నాయి బావగారూ."

ఆఫీసువాళ్ళని పిలవడానికి లేదు. గోడ మీద కాగితం ఉంది. బండి వదిలేసి నడిచి పోదామన్న ఆలోచన ఇద్దరికీ వచ్చింది గానీ, ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని ఇద్దరూ అనలేదు. ఈలోగా ఇద్దరి ఫోన్లూ ఒకదాని వెంట ఒకటి మోగాయి.

"బావగారికి ఇక్కడ తెగ నచ్చింది. ఇప్పుడే రానంటున్నారు" అని సూపర్‌వైజరు భార్యకి చెప్పాడు.

"పాపం ఆయనకి పని తెమల్లేదు. నన్ను కాసేపు ఉండమన్నారు" అని డాక్టరు తన భార్యకి చెప్పాడు.

ఇద్దరూ ఎదుటివాళ్ళ పరువు కాపాడామనే అనుకున్నారు. వంటింట్లో వియ్యపురాళ్ళిద్దరూ ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఒకాయన రానంటున్నాడట. ఇంకొకాయన కదలనివ్వడం లేదట. "ఏదో తేడా వచ్చినట్టుంది వదినగారూ" అని ఒకరు, "నాకూ అదే భయంగా ఉంది వదినగారూ" అని ఇంకొకరు అనుకుని, వండినవి వండినట్టే క్యారియరులో సర్ది, కూతుర్నీ అల్లుణ్ణీ వెంటబెట్టుకుని గట్టుకి బయలుదేరారు.

ఇక్కడ సూపర్‌వైజరు రెల్లు కోసి చక్రాల కింద కుక్కాడు. చక్రాలు దాన్ని నమిలి వెనక్కి ఉమ్మేశాయి. సీటు మెత్తలు పెట్టాడు. అవీ పోయాయి. లాగిన కొద్దీ బండి ఇంకాస్త దిగుతోంది. డాక్టరు రెండు మూడుసార్లు దగ్గాడు. దగ్గినప్పుడల్లా ఏదో చెప్పబోయి మానేశాడు. చివరికి సూపర్‌వైజరు మీటలు వదిలేసి, బురద చేతుల్తోనే తల పట్టుకుని, "మీరు ఏమైనా అనండి బావగారూ, తిట్టినా సరే, నోరు మాత్రం విప్పండి" అన్నాడు.

"అనమంటారా?"

"అనండి."

"లాగకండి. ఊపండి" అన్నాడు డాక్టరు. "దవడ పన్నుని కూడా తిన్నగా లాగితే రాదు. చిగుళ్ళు అంటిపెట్టుకుని ఉంటాయి. అటూ ఇటూ మెల్లగా ఊపుతూ పోతే పట్టు వదులుతుంది. అప్పుడు లాగాలి. ఇందాకటి నుంచీ మీరు తిన్నగా లాగుతుంటే నా ప్రాణం పోతోంది."

సూపర్‌వైజరు తల పైకెత్తాడు. "ఇందాకటి నుంచీ అంటే, మొదటి నుంచీ తెలుసా మీకు?"

"తెలుసు."

"మరి చెప్పరేం?"

"మీ బండి, మీ జలాశయం. నేను చెప్తే బాగుంటుందా?"

"బాగోకపోతే పోయింది. ఇప్పుడేం బాగుందండీ? అసలిటు రమ్మన్నది మీరు."

"నేనా? నేను పక్షిని చూపించాను. దారిని కాదు."

"ఎడమవైపు పక్షులే దొరకలేదా?"

"పక్షి ఎటుంటే అటు చూపిస్తారు గానీ, మీ వీలు చూసుకుని చూపిస్తారా?" డాక్టరు గొంతు మొదటిసారి లేచింది. "ముందు నాకు నీళ్ళంటే భయం. ఇంట్లో పేపరు చదువుకుంటున్నవాణ్ణి తీసుకొచ్చి ఇందులో పడేశారు."

"రానని ఒక్క మాట అంటే సరిపోయేది కదా."

"మీరు పిలవకుండా ఉన్నా సరిపోయేది."

అంతవరకూ బండి మీద పోట్లాట. అక్కడి నుంచి అది బూట్ల మీదికి, బూట్ల మీది నుంచి పెళ్ళి మీదికి, పెళ్ళి మీది నుంచి ముందురోజు భోజనాల మీదికి వెళ్ళింది. పిల్లల్ని దగ్గర పెట్టుకోవడం మీకు బరువనిపించింది కదా అని సూపర్‌వైజరు అడిగేశాడు. డాక్టరు లేచి నిలబడ్డాడు. బండి ఊగింది.

"బరువా? పైన రెండు గదులూ వాళ్ళ కోసం రంగు వేయించాను. కిటికీ పెద్దది చేయించాను. వాడు పెళ్ళిచేసుకుని ఇంకెక్కడికో పోతాడంటే మా ఇంట్లో ఒక్క పూటైనా సరిగ్గా అన్నం దిగలేదు."

"మరి మా దగ్గరే ఉంచమన్నారేం?"

"మీరేమనుకుంటారోనని."

 చేతికంటిన బురద ఎండి బీటలు వారుతోంది. దాన్ని చూస్తూ సూపర్‌వైజరు నెమ్మదిగా అన్నాడు. "మా వీధి చివర ఒక ఇల్లుంది. అమ్మాయి కోసం నేనూ చూసి పెట్టాను. పొద్దున్నే దాని నవ్వు వినకుండా ఆఫీసుకి వెళ్ళడం నాకింకా అలవాటు కాలేదు. ఆ మాట మీతో అనడానికి నోరు రాలేదు."

"అనాల్సింది."

"అంటే మీరు ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు" అన్నాడు డాక్టరు. "కానీ పోట్లాడుకునేవాళ్ళం. నిన్ననే అయిపోయేది."

తర్వాత పని సులువుగానే అయింది. రేకు పలకని చెక్కబల్లలా వెనక చక్రాల కిందికి తోశారు. డాక్టరు ఒక అంచు మీదికీ ఇంకో అంచు మీదికీ ఒరుగుతూ, "ఇప్పుడు ఎడమ, ఇప్పుడు కుడి, తొందరపడకండి" అంటుంటే, సూపర్‌వైజరు మీటలు ఒకదాని తర్వాత ఒకటి లాగాడు. బండి పొట్ట కింద ఎక్కడో పెద్ద గుటక వేసినట్టు చప్పుడైంది. గాలి చొరబడింది. "పట్టు వదిలింది. ఇప్పుడు వెనక్కి" అన్నాడు డాక్టరు. కప్ప హెచ్చరిక పలక మీదుగా వెనక్కి పాకి, నీళ్ళలో పడి, తేలింది.

తేలగానే మళ్ళీ మొదలుపెట్టారు. రెండు గదులా, వీధి చివరి ఇల్లా? రెల్లు దుబ్బు దాటి బయటికి వచ్చేదాకా గట్టు మీద ఎవరున్నారో ఇద్దరూ చూసుకోలేదు. అక్కడ భోజనాల క్యారియరు పట్టుకుని అల్లుడు, పక్కనే ఇద్దరు వియ్యపురాళ్ళు, కాస్త ముందు కూతురు నిలబడి ఉన్నారు. రెల్లు అడ్డం వల్ల మనుషులు కనిపించలేదు గానీ, నీళ్ళ మీద మాట ఎంత దూరమైనా వస్తుంది. వాళ్ళు వచ్చి చాలాసేపైందట. కూతురు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముఖం మాత్రం నవ్వుతోంది.

"నాన్నా, నవ్వు వినకుండా అన్నావే, అది మళ్ళీ అను" అంది.

"మీ మామగారిని అడుగు, బాగా వినిపిస్తారు" అన్నాడు ఆయన బండి దిగుతూ.

డాక్టరు ఒడ్డుకి వచ్చి ఊపిరి పీల్చుకుని అందరి ముందూ తేల్చెయ్యాలని అడిగాడు. "మొహమాటం లేకుండా చెప్పండి. మా ఊరా, వీళ్ళ ఊరా?"

అల్లుడు క్యారియరు కింద పెట్టాడు. "అది కాదు నాన్నా. మీరిద్దరూ ఫోన్లలోనూ ఇలాగే అటూ ఇటూ నెట్టుకుంటుంటే, మేం ఎవరికీ అక్కర్లేదేమో అనుకుని, పోయిన వారమే రెండు ఊళ్ళకీ మధ్యలో ఒక ఇల్లు మాట్లాడేసుకున్నాం. ఈ రోజు భోజనాలయ్యాక చెబుదామనుకున్నాం."

బురద కారుతున్న పెద్దమనుషులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఆ మధ్య ఊళ్ళో నీళ్ళు బాగోవు" అన్నాడు సూపర్‌వైజరు.

"బొత్తిగా బాగోవు. పళ్ళు పాడైపోతాయి" అన్నాడు డాక్టరు.

అయినా పిల్లలు ఆ ఇంట్లోనే చేరారు. వియ్యంకులిద్దరూ ఆదివారం ఆదివారం అటు నుంచొకరు ఇటు నుంచొకరు వెళ్ళి, అక్కడ కూర్చుని, గోడకి మేకు ఎక్కడ కొట్టాలన్న దగ్గర నుంచీ ప్రతిదానికీ కడుపునిండా పోట్లాడుకుని, చీకటి పడకముందే తృప్తిగా ఇళ్ళకి వెళుతున్నారు. వియ్యపురాళ్ళు మాత్రం ఇంకా చాలా మర్యాదగా ఉన్నారు. వాళ్ళని బురదలోకి ఎప్పుడు తీసుకెళ్ళాలా అని పిల్లలు ఆలోచిస్తున్నారు.