షష్టిపూర్తికి తాజ్‌మహల్

ఆదివారం షష్టిపూర్తి. శుక్రవారం ఉదయం ఇడ్లీలు తినేసి, బాపట్లలో మాట్లాడుకున్న కల్యాణమండపానికి వెళ్లి స్టేజీ చూసుకుని, దారిలో పూలవాడికి ఒక మాట చెప్పి, ఎండ ముదరకముందే ఇంటికి వచ్చేయాలని మంగతాయారు అనుకుంది.

ఆమె భర్త శ్రీరామచంద్రమూర్తి ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పి మొన్ననే రిటైరయ్యాడు. ప్రపంచంలో ఏ కట్టడాన్ని ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో, చివరికి అందులో ఎవరికి ఏమైందో ఆయనకు కంఠస్థం. ఒక్కటీ చూడలేదు. పెళ్లయిన కొత్తలో తాజ్‌మహల్ చూపిస్తానని భార్యకు మాటిచ్చాడు. ఆ తరవాత ఆమె గుర్తు చేసినప్పుడల్లా, "చదివినవాడికి చూడాల్సిన పనేముందే? కావాలంటే చెప్తాను, విను" అనేవాడు. ఆమె విన్నది. చాలాసార్లు విన్నది. అందుకే కూతురు మైథిలి, "స్టేజీ మీద ఏం సెట్టింగు పెట్టిద్దామమ్మా?" అనగానే తడుముకోకుండా, "తాజ్‌మహల్. ఫొటోలోనైనా దాని ముందు నిలబడతాను" అంది.

ముగ్గురూ మండపానికి చేరేసరికి, తెనాలి నుంచి వచ్చిన డెకరేషన్ గులాం మొహిద్దీన్ అప్పటికే పని ముగించి చెమట తుడుచుకుంటున్నాడు. చదరపు పెట్టె మీద తెల్లటి థర్మాకోల్ గుమ్మటం, నాలుగు మూలలా నాలుగు మీనార్లు. మంగతాయారు పమిట సర్దుకుని దాని ముందు నిలబడింది. మైథిలి ఫోను ఎత్తింది. సరిగ్గా అప్పుడే రేపల్లె నుంచి ఆడపడుచు పుష్పలత సంచీతో లోపలికి వచ్చింది.

"ఇదేంటన్నయ్యా, ఇది సమాధి కాదూ?"

"సమాధే," అన్నాడు శ్రీరామచంద్రమూర్తి. చరిత్ర విషయంలో ఆయనకు అబద్ధం ఆడటం రాదు. "పధ్నాలుగో కాన్పులో పోయింది పాపం, రాణి. తరవాత రాజునీ పక్కనే పెట్టారు."

"రామ రామ! మళ్లీ తాళి కట్టేది సమాధి ముందా?"

"ఎన్నో పెళ్లిళ్లకి ఇదే కట్టానమ్మా," అన్నాడు మొహిద్దీన్. "అందరూ పిల్లాపాపల్తో శుభ్రంగా ఉన్నారు."

"వాళ్ల ఆడపడుచులకి తెలిసుండదు."

మంగతాయారు భర్త వైపు చూసింది. ఆయన గుమ్మటం కొలతల్లో ఏదో తప్పు పట్టే పనిలో ఉన్నాడు. గొడవెందుకని మైథిలే, "పోనీ ఈఫిల్ టవర్ చేసేద్దాం అత్తయ్యా. సమాధీ గిమాధీ ఏం కాదు" అంది. మొహిద్దీన్ గుమ్మటం దించి వంటశాల వైపు పెట్టించాడు. నాలుగు మీనార్లనూ లోపలికి వంచి కొసలు కలిపి కట్టాడు. గోధుమరంగు వేశాడు. భోజనాల వేళకు పారిస్ సిద్ధమైంది.

"దీంట్లో ఎవరూ పోలేదుగా అన్నయ్యా?" అంది పుష్పలత, నిశ్చింతగా.

"లోపల పోలేదు. పైనుంచి ఒక దర్జీ దూకాడు. తను కుట్టిన కోటు వేసుకుంటే గాల్లో తేలతానని. తేలలేదు."

"నాన్నా!" అంది మైథిలి.

"అది అడిగింది కదే!"

అక్కణ్ణుంచి మైథిలి ఫోనులో బొమ్మలు చూపించడం, పుష్పలత అడగడం, ఆయన చెప్పడం. పిరమిడ్లు సమాధులని తేలింది. రోములోని గుండ్రటి స్టేడియంలో మనుషుల్ని సింహాలకు వేశారు. పీసా టవరైతే పని చాలా సులువని మొహిద్దీన్ ఆశపడ్డాడు గానీ, పడిపోబోయేదాని ముందు పెళ్లేమిటని పుష్పలత ఒప్పుకోలేదు. చివరికి లండన్ టవర్ నచ్చింది. చదరంగా ఉంది, నాలుగు మూలలా పొట్టి బురుజులున్నాయి. మొహిద్దీన్ మీనార్ల కట్లు విప్పి, నిలబెట్టి, సగానికి కోశాడు. మరకలు కనపడకుండా మొత్తానికీ సిమెంటు రంగు పూశాడు. శనివారం సాయంత్రమైంది.

"రాజులు సుఖంగా ఉన్నారా ఇందులో?"

"రాజు బాగానే ఉన్నాడు. ఇద్దరు పెళ్లాల తలలు మాత్రం ఆ ఆవరణలోనే తీయించాడు."

మొహిద్దీన్ కత్తి కింద పెట్టాడు. "సార్, మీరు కాసేపు ఇంటికెళ్తారా?"

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మంగతాయారు మెల్లగా, "ఆ గుమ్మటం మళ్లీ పెట్టలేమా బాబూ?" అంది. వెళ్లి చూస్తే వంటవాళ్లు దాన్ని తలకిందులు చేసి, ఐసు నింపి, కూల్‌డ్రింకులు పెట్టుకున్నారు. నిలబడటం లేదని శిఖరం కోసేశారు.

ఆదివారం ఉదయం స్టేజీ మీద సిమెంటు రంగు పెట్టె ఒకటి, దానికి నాలుగు మొండి స్తంభాలు మిగిలాయి. మార్చడానికి టైము లేదు. వచ్చినవాళ్లు చూసి, ఏమనాలో తెలియక దీవించి వెళ్తున్నారు. నిజాంపట్నం నుంచి వచ్చిన పాత శిష్యుడు విజయసారథి ఒక్కడే మొహం వికసించి, "సార్, అచ్చం మా ఊరి తుఫాను షెల్టరే కట్టించారండీ!" అన్నాడు.

"చూశావా వదినా!" అంది పుష్పలత. "ప్రాణాలు నిలబెట్టే కట్టడం. ఇంతకంటే శుభం ఉంటుందా?"

మేళం జోరందుకుంది. శ్రీరామచంద్రమూర్తి తాళి పట్టుకుని వంగాడు. మంగతాయారు మెడకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏవండీ, తాజ్‌మహల్ ఎప్పుడు చూపిస్తారు?"

మేళం ఆగిపోయింది. "ఇప్పుడా అడిగేది?" అన్నాడాయన గొంతు తగ్గించి.

"క్రితంసారి కట్టాక అడిగాను. అందుకే ఈసారి ముందు."

"అది నీకు ఎన్నిసార్లు చెప్పాను..."

"చెప్పారు. చూపించలేదు."

పురోహితుడు పంచాంగం మూసి, "ముహూర్తం దాటిపోతోందండీ. ఏదో ఒకటి ఒప్పుకోండి" అన్నాడు.

"వచ్చే నెల," అన్నాడు శ్రీరామచంద్రమూర్తి. మంగతాయారు చెయ్యి తీయలేదు. మైథిలి స్టేజీ మీదే ఫోను తెరిచి ఆగ్రా రైలు వెతకడం మొదలుపెట్టింది.

అక్షింతలు పట్టుకుని నిలబడ్డ పుష్పలత దగ్గరికి జరిగింది. "మూడు టికెట్లు తియ్యవే, నేనూ వస్తాను."

"సమాధి కదమ్మా!" అన్నాడు అన్నగారు, తాళి చేతిలోనే పట్టుకుని.

"వెళ్లి చూసొస్తే తప్పేంటన్నయ్యా? ఇంటికి తెచ్చుకోకూడదు గానీ."

"బుకింగ్ అయిపోయిందమ్మా," అని మైథిలి ఫోను చూపించాక మంగతాయారు చెయ్యి తీసింది. తుఫాను షెల్టర్ ముందు తీసిన ఫొటోలో ఆమె బాగా నవ్వింది.

వదినామరదళ్లకు కింది బెర్తులు దొరికాయి. శ్రీరామచంద్రమూర్తికి మాత్రం, ఏం చెప్పినా కిందికి వినపడకుండా, మైథిలి పై బెర్తు తీసింది.