మేడం అనంతపురం నుంచి చూస్తాంది

2001 డిసెంబరులో ఒక మంగళవారం ఉదయం పదిన్నరకు సోమందేపల్లె లారీ కాటా దగ్గర కంప్యూటర్ ఆగిపోయింది. దాన్ని ఆపిన మనిషి అనంతపురంలో ఉంది.

అనుకున్న పని చిన్నదే. కాటా ఓనరు రామదాసు కంప్యూటర్ పెట్టించి నెల అయింది. అంతకు ముందు తూకం చూపించేది గదిలోపలి ఇనుప కడ్డీ. కంప్యూటర్ వచ్చిన నాటి నుంచి, ఇక్కడ తూకం వేసుకుని కదిరి మిల్లుకు పోయిన ప్రతి వేరుశనగ లారీ అక్కడ నూరు కిలోల పైచిలుకు తక్కువ తూగుతోంది. లారీవాళ్లు తిరిగొచ్చి రామదాసు మీద పడుతున్నారు. కంప్యూటర్‌కు దొంగతనం తెలియదు, దాని ముందు కూర్చునే తిప్పేష్‌కు తెలిసి ఉండవచ్చు అన్నది రామదాసు లెక్క. తప్పు కంప్యూటర్‌దని తేలకపోతే తాళాలు ఇచ్చి పొమ్మని సోమవారమే చెప్పేశాడు. తిప్పేష్‌కు యాడికి ఊళ్లో సంబంధం ఖాయమైంది. కంప్యూటర్ ఉద్యోగమని విని పిల్లనిస్తామన్న ఇల్లు అది.

కాటా కంప్యూటర్‌కు ప్రోగ్రాం రాసిన చౌడేశ్వరి అనంతపురంలో ఉంటుంది. ఆమె ఒక ఫ్లాపీని బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపింది. అందులోని చిన్న ప్రోగ్రాంను తిప్పేష్ తన కంప్యూటర్‌లో ఎక్కించి నడిపించాలి. అది గుమ్మం దగ్గర కాపలా మనిషిలా కూర్చుని ఉంటుంది. ఫోను తీగ మీదుగా చౌడేశ్వరి కంప్యూటర్ వచ్చి తలుపు తడితే లోపలికి రానిస్తుంది. అప్పుడు ఆమె తన కుర్చీలోంచి లేవకుండానే కాటా ప్రోగ్రాంను కావలసిన చోట ఆపి, ఆ క్షణాన దాని కడుపులో ఏ అంకె ఉందో చూసుకోవచ్చు.

కాటాకు ఉన్న ఒక్క ఫోను తీగా ఈ పనికే పోయింది. కాబట్టి మాటలకు రోడ్డు అవతల నూర్జాన్ ఎస్టీడీ బూతు. చౌడేశ్వరి రెండో ఫోను నుంచి బూతుకు చెబుతుంది, నూర్జాన్ గడప మీద నిలబడి హైవే దాటేలా అరుస్తుంది, తిప్పేష్ గది వాకిట్లోంచి జవాబు అరుస్తాడు.

"తిప్పేషన్నా! మేడం లోపలికొచ్చిందంట! ఇంక ఎవురూ ఏమీ ముట్టుకోవద్దంట! ఆన్నుంచే అన్నీ చూస్తాదంట!"

తెర మీద అంకెలు ఆగిపోయాయి. రామదాసు తిప్పేష్ భుజం మీంచి తొంగి చూశాడు.

"సచ్చిందా?"

"లేదన్నా. మేడం నిలిపింది."

"అనంతపురం నుంచా?"

"ఊఁ."

"కనపడకుండా ఎట్ల నిలుపుతారప్పా? కనపడాల గదా."

రామదాసు చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

డ్రైవర్లకు అంకె కనబడాలని కంప్యూటర్ తెరను కిటికీ వైపు తిప్పి పెట్టారు. ఆ కిటికీ కాటా మీదికే తెరుచుకుంటుంది. రామదాసు బయటికి పోయి కిటికీ ముందు నిలబడి తెరకు నమస్కారం పెట్టాడు.

కాటా మీద ఉన్నది అతావుల్లా లారీ. కదిరికి పోవలసిన వేరుశనగ. పొద్దున్నే తూకం వేసి, పరీక్షకని అక్కడే ఉంచారు. అతావుల్లా ఆ నమస్కారం చూసి క్యాబిన్ దిగి వచ్చాడు.

"ఎవురికన్నా సలాం?"

"మేడానికి. అనంతపురం నుంచి మనల్ని చూస్తాండాది. నువ్వు ఆ బీడీ పారెయ్."

అతావుల్లా బీడీ పారేసి, తలగుడ్డ సరిగా చుట్టుకుని రామదాసు పక్కన నిలబడ్డాడు. అప్పుడే హిందూపురం బస్సు ఆగింది. దిగినవాళ్లలో సగం మంది ఇంటి దారి పట్టకుండా ఇటే వచ్చారు. ఎవరో వెనకాల నుంచి "నాకు కనపడ్ల్యా" అన్నారు. "నువ్వు చూసేదానికి కాదు, ఆమె చూసేదానికి" అని రామదాసు సర్దిచెప్పి, పొడుగువాళ్లను వెనక్కి పంపాడు.

రోడ్డు అవతల నూర్జాన్‌కు లారీ అడ్డం. ఆమెకు కనిపించేది లారీ కొసనున్న గది వాకిలి, అందులో తిప్పేష్ తల.

"తిప్పేషన్నా! లారీకి మూటలు ఎక్కిస్తాండారా అని మేడం అడుగుతాంది! బరువు పెరుగుతాందంట!"

తిప్పేష్ లారీ వైపు చూశాడు. మూటలు ఉన్నచోటే ఉన్నాయి.

"ఒక్క మూట గూడా ఎక్కించలే!"

అది నిజమే. కిటికీ దగ్గర గుంపు సంగతి అతను చెప్పలేదు. మేడానికి కనబడుతున్నదాన్ని మళ్లీ మేడానికి చెప్పడమెందుకు అనుకున్నాడు.

ఆంజినమ్మ గొర్రెలను తోలుకుంటూ వచ్చింది ఇంతలోనే. విషయం విని గుంపులోంచి దారి చేసుకుని కిటికీ ఊచలు పట్టుకుంది.

"అమ్మా, వాన ల్యాక ఇది మూడో పంట కారు. గొర్రెలకు మేత ల్యాదు. గడ్డి క్యాంపు పెట్టియ్యమని చెప్పు తల్లీ. అబద్ధమైతే కండ్లారా చూసుకో." వెనక్కి తిరిగి నాలుక టకటకలాడించింది. మంద మొత్తం కాటా ఎక్కింది.

"ఈమె గవర్నమెంటు కాదమ్మా, కంప్యూటర్ మేడం" అన్నాడు రామదాసు.

"అనంతపురంలోనే గదా ఉండాది. కలెక్టరుండేదీ ఆన్నే."

నూర్జాన్ గొంతు ఈసారి కీచుగా వచ్చింది. "ఏమప్పా, ఏమి చేస్తాండారు మీరు! ఏడు నూర్లు పెరిగిందంట! మేడం తల పట్టుకోనింది!"

"ఏమీ చేయలేదు! ఊరికే నిలబడుకోని ఉండాము!"

చౌడేశ్వరి ప్రోగ్రాంను వదిలింది, ఆపింది, మళ్లీ వదిలింది. ఆపిన ప్రతిసారీ చూసింది. లోపలికి వచ్చిన అంకె, తెర మీదికి పోయిన అంకె ఒకటే. చివరికి నూర్జాన్ చేత చెప్పించింది. "ప్రోగ్రాంలో తప్పు ల్యాదంట! కాటా ఎంత చెప్తే అంతే చూపిస్తాందంట!"

రామదాసు కిటికీలోంచే చెయ్యి చాపాడు. "తాళాలు."

"అన్నా, నేను..."

"మేడమే చెప్పింది గదప్పా. కంప్యూటర్‌ది తప్పు కాదంట. ఇంకెవురిది? నాదా?"

తిప్పేష్ మొలతాడుకు కట్టుకున్న తాళాల గుత్తి విప్పి ఆ చేతిలో పెట్టాడు. యాడికి వాళ్లకు ఏం చెప్పాలో మనసులో వాక్యం కూర్చుకోసాగాడు.

చూడవలసింది అయిపోయిందని గుంపు చెదిరింది. ఆంజినమ్మ గొర్రెలను దించుకుపోయింది. అతావుల్లా లారీని ముందుకు తీసి రోడ్డు పక్కన ఆపాడు. రామదాసు ఒక్కడే ఉండిపోయాడు. తెర వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"మేడం, మీరే సాక్షి. నెల్నాళ్లుగా ఈన్నే నిలబడి కండ్లల్లో ఒత్తులేసుకోని చూస్తాండా. సరుకు లారీ ఎక్కినప్పుడల్లా నేను ఈడ ల్యాకుండా తూకం జరగల్యా. అయినా నా కండ్లు గప్పినాడు వీడు. మొదట ఖాళీ లారీ తూకానికి వచ్చినప్పుడు మాత్రం టీకి పోతా, ఖాళీ లారీలో ఏముంటాది దొంగిలించేదానికి?"

"తిప్పేషన్నా!" నూర్జాన్ అరిచింది. "లారీ పోయినా ఇంకా నూటపది ఉండాదంట! దిగనిది ఏముండాదో చూడమంటాంది!"

తిప్పేష్ వాకిట్లోకి వచ్చి చూశాడు. లారీ అడ్డం తొలగింది కాబట్టి నూర్జాన్ కూడా చూసింది. ఫోనులో ఏదో చెప్పింది, విన్నది, నవ్వు ఆపుకుని మళ్లీ గడప మీదికి వచ్చింది.

"రామదాసన్నా! నిన్ను రోంత కిందికి దిగమంటాంది!"

రామదాసు దిగాడు.

"సున్నా అంట! మళ్లా ఎక్కమంటాంది!"

ఎక్కాడు.

"నూటపదంట!"

ఇంకోసారి దిగాడు, ఎవరూ చెప్పకుండానే ఇంకోసారి ఎక్కాడు. రెండుసార్లూ నూర్జాన్ అంకె చెప్పింది. రోడ్డు పక్కన అతావుల్లా లారీ చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. నవ్వితే నిలబడలేని మనిషి అతను.

"అన్నా, నెల్నాళ్లు మా లారీలతోపాటు నిన్ను గూడా తూకమేసినావా! మిల్లు దాకా మాతో వచ్చుంటే లెక్క సరిపోతాండె గదన్నా!"

రామదాసు చేతిలోని తాళాల వైపు చూసుకున్నాడు. కిటికీలోంచి లోపలికి చాపాడు.

"పట్టుకో. యాడికి వాళ్లకు ఏమైనా చెప్తివా?"

"ఇంకా లేదన్నా."

"చెప్పొద్దు. నా సంగతి గూడా."

అతావుల్లా లారీని మళ్లీ కాటా ఎక్కించారు. రామదాసు రోడ్డు అవతలికి పోయి నూర్జాన్ బూతులో కూర్చున్నాడు. ఈసారి తూకం పొద్దుటి కంటే నూటపది తక్కువ వచ్చింది. సాయంత్రం కదిరి మిల్లులోనూ అంతే వచ్చింది.

పని ముగించే ముందు ఫిర్యాదు తీరినట్టు రుజువుగా, ఆ నూటపదికి ఒక స్లిప్పు కావాలని చౌడేశ్వరి అడిగింది. రామదాసు రోడ్డు దాటి వచ్చి కాటా ఎక్కి నిలబడ్డాడు. తిప్పేష్ స్లిప్పు తీశాడు. బండి నంబరు అన్నచోట రామదాసు అని, బరువు అన్నచోట నూటపది కిలోలు అని పడింది. సరుకు అన్న గడిని తిప్పేష్ ఖాళీగా వదిలేశాడు.